వీపు ఎవరు చూడాలి

మధ్యాహ్నపు ఎండ రేకు మీద పడి, రేకు మీంచి లేచి, మనిషి వీపెక్కి కూర్చుంటుంది.

వంగి బోల్టు బిగిస్తున్నవాడికి తన నీడ కనిపిస్తుంది. వీపు కనిపించదు.

అతను ఇళ్లకు పైరేకులు వేసే మేస్త్రి. ఒంట్లో హెచ్ఐవి ఉందని తెలిసి చాలా ఏళ్లయింది. మందు ఒక్క పూట మానలేదు. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ రక్తం తీశారు. రక్తం బాగుందన్నారు. పొమ్మన్నారు.

రక్తాన్నే చూశారు.

చొక్కా విప్పమని ఒక్కరంటే ఒక్కరు అనలేదు.

ఇంట్లో మాత్రం ఎవరు చూస్తారు? భార్య వెళ్లిపోయింది. అక్క తన మేడ మీద గది ఇచ్చింది — గదితో పాటు వేరే కంచం, వేరే బకెట్టు. అన్నం గుమ్మంలో పెట్టి దిగిపోయేది.

వీపు మీద పుండు లేచింది. పొలుసు కట్టింది, రాలింది, మళ్లీ లేచింది... ఎండ పొక్కులే అనుకున్నాడు. చెప్పుకోవడానికైనా ఓ మనిషి ఉండాలి కదా.

ఒకరోజు అతను కంచం అందుకోవడానికి వంగినప్పుడు అక్క చూసింది. చొక్కా వెనక నెత్తురు.

"విప్పరా" అంది.

గుడ్డ పుండుకు అతుక్కుపోయి ఊడి రానంది. ఎన్నాళ్లనుంచి అని అడగబోయి, అక్క నోరు మూసుకుంది. ఒకే ఇంట్లో ఉంటూ ఆ మాట ఏ మొహంతో అడుగుతుంది?

అక్క వెంటబెట్టుకుని తీసుకెళ్తే, చర్మ డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. బల్ల అవతలినుంచే చూశాడు. హెచ్ఐవి ఉన్నవాళ్లకు ఇలాంటివి మామూలేనన్నాడు. చర్మ క్యాన్సరూ వాళ్లకే ఎక్కువన్నాడు. పూతమందు వాడితే చాలు, ముదిరితే చూద్దామన్నాడు.

ముదిరితే!

తమ్ముడు బొత్తాలు పెట్టుకోబోయాడు. అక్క అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వస్తుందని తెలిసి కూడా చూడరేం? లేచొచ్చి చూడండి. చూసేదాకా మేం కదలం."

గొంతు పెంచలేదు. బయట కూర్చున్నవాళ్లందరికీ వినిపించింది.

డాక్టరు తొడుగులు వేసుకున్నాడు. ముక్క కోసి పరీక్షకు పంపాడు.

క్యాన్సరే.

ముందే చూసి ఉంటే గోరంత కోతతో పోయేదట. ఇప్పుడు అరచేయంత కోశారు. లోపల మిగిలిందో లేదో ఇంకా చెప్పలేదు. గోరంత ఉన్ననాడు వీళ్లంతా ఎక్కడున్నారు? ఆ మాట అనుకున్నప్పుడల్లా అక్కకు ఒళ్లు మండుతుంది. తన మీద కూడా.

ఇప్పుడు పొద్దున్నే అతన్ని డాబా మీద నిలబెడుతుంది. చెవుల వెనక, మెడ కింద, భుజాల మీద... వేళ్లతో తడిమి తడిమి చూస్తుంది. మొదట్లో ఆ చెయ్యి తగిలితే అతను ఉలిక్కిపడేవాడు.

ఎండ మెల్లగా వీపు మీదికి పాకుతోంది.

ఒకచోట అక్క వేలు ఆగింది.

"కదలకురా" అంది.