మూడంగల లెన్సు

నా లెన్సుని ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముందే చెప్పేస్తున్నా. పద్దెనిమిదో ఏట రైలు పట్టాల పనిలో చేరి, కూడబెట్టి కొన్న జెనిత్ కెమెరాతో వచ్చిన లెన్సు అది. హేలియోస్ దాని పేరు. కెమెరా ఎప్పుడో పోయింది, లెన్సు నిక్షేపంలా ఉంది. పెన్షన్ మొదలయ్యాక పట్నం సంతలో ఎవరో వాడేసిన చవక డిజిటల్ కెమెరా ఒకటి కొని, రెంటికీ మధ్య బిగించే రింగు కూడా కొన్నాను. ఆ కెమెరాకున్న ప్లాస్టిక్ లెన్సు అక్కడికక్కడే అమ్మేశాను. దాని మొహం చూస్తేనే నాకు చిరాకు.

ఈ రెంటికీ పెళ్ళయితే చేశాను గానీ కాపురం అంతంత మాత్రమే. తన ముందు లెన్సుందని కెమెరా ఒప్పుకోదు, లెన్సు లేదు లెన్సు లేదని తెర మీద మొత్తుకుంటూనే ఉంటుంది. వెలుగెంతో నేనే కంటితో చూసి అంచనా కట్టాలి, ఫోకస్ నేనే చేత్తో తిప్పాలి. పైగా రింగు మందం వల్ల మూడంగలు దాటిందంటే ఏదైనా మసకే. మూడంగల లోపల మాత్రం, అబ్బ, మనిషి మొహంలో నిన్నటి కోపం కూడా కనిపిస్తుంది.

మా పల్లె గోర్నా స్లివాలో నాకు దూరంతో పనేముంది? నా పని చావు కాగితాలు. ఎవరైనా పోతే వాళ్ళ గుర్తింపు కార్డు తెచ్చిస్తారు. అందులో మొహాన్ని దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి, చుట్టూ నల్ల గీత కొట్టి, పైన ‘దుఃఖంతో తెలియజేస్తున్నాం’ అనీ కింద పేరూ వయసూ వేసి ప్రింటు తీసిస్తాను. ఇంటి తలుపు మీద ఒకటి, బస్టాపు గోడ మీద ఒకటి అతికిస్తారు. నలభయ్యో రోజుకి మళ్ళీ, ఆర్నెల్లకి మళ్ళీ, ఏడాదికి మళ్ళీ.

సెప్టెంబరులో, ఊరంతా మిరపకాయలు కాల్చుకునే రోజుల్లో, పట్నం నుంచి ఉప మేయరు దామ్యనోవ్ వచ్చాడు. నవంబరు నుంచి మా ఊరి బస్సు ఆపేస్తారట. ఎక్కేవాళ్ళు లేరట. నలభై ఏడుగురం ఉన్నాం కదయ్యా అంటే, బస్టాపు వైపు చూసి నవ్వాడు.

"మీ ఊళ్ళో గోడ మీద ఉన్నవాళ్ళే ఎక్కువ. బెంచీ మీద పిట్ట కూడా లేదు," అన్నాడు.

అంతగా ఉంటే ఊరందరి ఫొటో ఒకటి జతచేసి, నెలలోగా అర్జీ పెట్టుకోమని చెప్పి కారెక్కాడు.

ఆ బస్సు మీదే నా భార్య దోచ్కా ప్రాణం నిలబడి ఉంది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఆరూ పదికి అదెక్కి పట్నం ఆస్పత్రికి డయాలసిస్‌కి వెళ్తుంది. మాకు కారు లేదు. ఊళ్ళో ఉన్నవి మూడు కార్లు. రెంటికి చక్రాల్లేవు, మూడోదాని ఓనరు తెల్లారకుండానే రకియా సారా తాగేస్తాడు.

అర్జీకి ఫొటో నేనే తీస్తానన్నాను. ఎవరో జేబులోంచి ఫోను తీస్తే, ఆఫీసుకి పంపేది ఫోను ఫొటోనా అని కసిరాను. మిగతా నలభై ఆరుగురినీ చర్చి మెట్ల మీద నిలబెట్టి, అందరూ పట్టాలని ఇరవై అంగలు వెనక్కి నడిచాను. తెలియక కాదు. పొగరు. లెన్సు కన్ను బాగా మూసి, వెలుగు సన్నగా రానిచ్చి తీస్తే దూరమైనా ఎలాగోలా తేటగా వస్తుందిలే అనుకున్నాను. ఆ రోజు మబ్బు పట్టింది. మూస్తే చీకటి, తెరిస్తే మసక. కెమెరా వెనకున్న చిన్న తెరలో బాగానే ఉన్నట్టనిపించి పంపేశాను.

గడువు దాటిన మర్నాడు దామ్యనోవ్ ఫోన్ చేశాడు. వెనకాల ఆఫీసంతా నవ్వుతున్నట్టు నాకు వినబడుతూనే ఉంది.

"నైదెన్ గారూ, చర్చి మెట్ల మీద పొగమంచు చక్కగా పడింది. మనుషుల్ని ఎప్పుడు పంపిస్తారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఎవడి మీదో కోపమొస్తే అరవొచ్చు, నా మీద నాకే వస్తే ఏం చెయ్యను? దోచ్కా తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. సూపు గిన్నె నా ముందు పెట్టి, తనూ కూర్చుంది.

"కనిపించనంత దూరం ఎందుకెళ్ళావు? కనిపించేంత దగ్గరికే వెళ్ళు," అంది.

ఆ రాత్రంతా ఆ మాటే నా చెవిలో గింగురుమంది. పొద్దున్నే కెమెరా మెళ్ళో వేసుకుని బయల్దేరాను. గోడ మీదున్నవాళ్ళనే లెక్కపెడతాడు కదా ఆయన, సరే, మనమూ గోడెక్కుదాం అని ఇంటింటికీ చెప్పాను. బతికున్నవాళ్ళ మొహాలతో చావు కాగితాలు.

ఊరు ఊరంతా గుండెల మీద శిలువ గీసుకుంది. ఊపిరున్న మనిషి చుట్టూ నల్ల గీతా? ఒకావిడ కీడు తగలకుండా నా కాళ్ళ ముందు ముమ్మారు ఉమ్మి తలుపేసుకుంది. ఇంకొకాయన, నీ పెళ్ళాం బస్సు కోసం మమ్మల్నందర్నీ పాడెక్కిస్తావా అన్నాడు. అవునన్నాను. అబద్ధమాడి ఏం లాభం?

గాంకా అవ్వకి ఎనభై ఎనిమిదేళ్ళు. మిరపకాయలు వలుస్తూ అంతా విని, చేతులు తుడుచుకుని, తలగుడ్డ సర్దుకుని నా ముందుకొచ్చి నిలబడింది. ఆ గీత నన్నేం చేస్తుందిరా, అది ప్రింటయ్యేలోపు నేనే పోతానేమో, తియ్యి అంది. తీశాను. ఒక్కో ముడతా విడివిడిగా వచ్చింది. రెండో ఫొటో దోచ్కాది. సూది గుచ్చి గుచ్చి ఉబ్బిన చెయ్యి దాచుకోకుండా గుండెల మీద పెట్టుకుని నిలబడింది. వాళ్ళిద్దరి కాగితాలూ చూశాక మిగతావాళ్ళ మొహమాటం పోయింది. నాది దోచ్కా నొక్కింది. మూడు రోజుల్లో నలభై ఏడూ అయ్యాయి. ఉమ్మినావిడ కూడా వచ్చింది, జుట్టు దువ్వుకుని మరీ.

పైన ‘దుఃఖంతో’ కొట్టేసి ‘కోపంతో తెలియజేస్తున్నాం’ అని వేశాను. కింద పేరు, వయసు, ఆ కింద ఒకటే ముక్క: ఇంకా బతికే ఉన్నారు, బస్సెక్కుతారు.

బస్టాపు గోడ నిండిపోయింది. బస్సు డ్రైవరు ఆ గోడని ఫోనులో ఫొటో తీసి పట్నంలో అందరికీ చూపించాడు. ఆదివారం జనం పనిగట్టుకుని చూడ్డానికొచ్చారు. బుధవారం పొద్దున ఆరింటికి దామ్యనోవ్ ఊడిపడ్డాడు. వెంట మున్సిపాలిటీ పనివాడు స్పాస్, చేతిలో గోడ గీకే రేకు. మేమంతా అక్కడే ఉన్నాం. బుధవారం కదా, దోచ్కా సంచీ పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది.

ఇది చనిపోయినవాళ్ళకి అవమానం, గీకెయ్యమన్నాడు దామ్యనోవ్. స్పాస్ కదల్లేదు. చావు కాగితం మీద చెయ్యి వెయ్యనన్నాడు. వాన చింపుతుంది, గాలి చింపుతుంది, మనిషి చింపడం తనెక్కడా చూళ్ళేదన్నాడు. వీళ్ళు చావలేదురా వెధవా అని అరిచాడు దామ్యనోవ్. ఆ మాట తన నోటితోనే అన్నాడు, నలభై ఏడుగురి ముందు. మా వాళ్ళు పగలబడి నవ్వారు.

ఆయన మొహం కందగడ్డయిపోయింది. రేకు లాక్కుని తనే గోడ దగ్గరికెళ్ళాడు. కంటికి ఎదురుగా ఉన్నది దోచ్కా కాగితం. దాని మూల కింద రేకు దూర్చాడు. నేను మీదికెళ్ళబోయాను. దోచ్కా నా చొక్కా పట్టి ఆపి, లేచి, కాగితానికీ ఆయనకీ మధ్య కాదు, పక్కనే వెళ్ళి నిలబడింది. మొహం పక్కన మొహం.

"చింపు నాయనా. బస్సు లేకపోతే పది రోజుల్లో మా ఆయన ఇదే ఫొటోతో ఇంకోటి అతికిస్తాడు. అప్పుడు పైన మాట మారుస్తాడు. అదీ నువ్వే వచ్చి చింపుదువు గానీ."

గొంతు పెంచలేదు. దామ్యనోవ్ కాగితం వంక చూశాడు, మనిషి వంక చూశాడు. అంత దగ్గర్నుంచి ఆమెని చూడ్డం ఆయనకదే మొదలు. రేకు బెంచీ మీద పెట్టేసి కారెక్కాడు.

శుక్రవారం మున్సిపాలిటీ నుంచి కాగితమొచ్చింది. వారానికి మూడు రోజులే నడుపుతారట, సోమ, బుధ, శుక్ర. చాలు.

నవంబరు మొదటి సోమవారం ఆరూ పదికి బస్సొచ్చింది. దోచ్కా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను రోడ్డు మధ్యలో నిలబడి భోరున ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?