ఎఱ్ఱసిరా సంతకము

ఆషాఢ మాసారంభపు మధ్యాహ్నము. తొలకరి జల్లుకు తడిసిన యెఱ్ఱనేల పరిమళించుచుండ కారుమేఘములు కొండ శిఖరములను మ్రింగి నాగావళీ తీరమందలి యొక చిన్న పట్టణముపైకి మెల్లగ దిగుచుండెను. అచట రేకుల కప్పు గల శిక్షణశాలలో లైన్‌మెన్ పని నేర్చుకొను ముప్పదిమంది పల్లె యువకులు దక్షిణామూర్తి మాస్టారి యెదుట కూర్చుండియుండిరి.

పుస్తకము ఆంగ్లమున నుండెను. వచ్చినవారు తెలుగుబడులలో చదివినవారు. పాఠములు నలువది, వ్యవధి ఆఱుమాసములు. కావున మాస్టారు పాఠము చదివి అర్థమైనదా యని యడుగుటయు వారందఱు నొక్క గొంతున అయిందనుటయు వాడుకయయ్యెను. వెనుకటి యేటివారి రికార్డు పుస్తకమును తెచ్చి చూచి వ్రాయుట యచటి యాచారము. పుట యడుగున మాస్టారు ఎఱ్ఱసిరాతో సంతకము చేయుదురు. చదువుట మాత్రము లేదు.

ఆనాడు ముత్యములవంటి దస్తూరి గల తవిటినాయుడను వాడు తన రికార్డును బల్లపై నుంచి కదలక నిలిచెను.

"మాస్టారూ, తెగిన లైనుని ముట్టుకునే ముందర ఎర్తు రాడ్డు ఒక్క పక్కకి కట్టీస్తే సాలా?"

వెనుకబల్లనుండి యొకడు, "రెండో పక్క మీ మావొచ్చి కడతాడ్రా" యనెను. తరగతి నవ్వెను.

గంట కైదు నిమిషములు, బల్లపై ఇరువది రికార్డులు మిగిలియుండెను. మాస్టారు తల యెత్తలేదు.

"రికార్డులో ఎలా ఉందోయ్?"

"ఒక్క పక్కే ఉందండి."

"మరింకేం? ఉన్నట్టు చెయ్యి."

సంతకము పడెను.

నెల తిరుగకమునుపే గాలివాన వచ్చి ధాన్యపు మిల్లుకడ తీగ తెగెను. పని నేర్పు పెద్ద లైన్‌మెన్ వేఱొక స్తంభము మీద నుండగా తవిటినాయుడు తెగిన తీగ యొక కొసను ఎర్తు కడ్డీతో భూమికి కలిపి రెండవ కొసను చేతబట్టెను. సరిగ నపుడే మిల్లువారు జనరేటరు వేసిరి. ఆ విద్యుత్తు వెనుకకు మఱలి యా రెండవ కొసకే వచ్చెను. ప్రాణము దక్కెను గాని కుడిచేయి మోచేతివఱకు పోయెను.

ఆసుపత్రిలో మాస్టారు మంచము ప్రక్కన కూర్చుండిరి. తవిటినాయుడే ముందుగ పలికెను.

"మీరేటీ అనుకోకండి మాస్టారూ. రికార్డులో ఉన్నట్టే సేసినాను."

ఆ మాటలో నిష్ఠురము లేదు. ఉన్నచో మాస్టారు సహింపగలిగియుందురు.

ఆయన శిక్షణశాలకు తిరిగివచ్చి బీరువా తెఱచి పాత రికార్డుల నన్నింటిని నేలపై పఱచిరి. మొదటి మూఁడేండ్ల పుస్తకములలో కడ్డీ రెండుప్రక్కల కట్టవలెనని యుండెను. నాలుగవయేట నెవడో కునికిపాట్లు పడుచు నొక వరుస విడిచెను. అది మొదలు ఏ పుస్తకమునను ఆ వరుస లేదు. ప్రతి పుట యడుగునను ఎఱ్ఱసిరా సంతకము మాత్రము చెక్కుచెదరక యుండెను.

శిక్షణ ముగిసి ధ్రువపత్రము లిచ్చునాడు తవిటినాయుడును వచ్చెను. రిజిస్టరులో తన పేరుకెదురుగ ఎడమచేత కలము పట్టి రెండుమాఱులు యత్నించి విడిచి సిరాదిండుపై బొటనవ్రేలద్ది ముద్ర వేసెను. దాని క్రింద మాస్టారు సంతకము చేయవలెను. ఆయన కలము తెఱచి కన్నద్దములు తుడుచుకొని యా పుటను మొదటినుండి చదువ నారంభించిరి. వెనుక వరుసలో నిలిచినవారు వేచియుండిరి. ముద్రకడకు వచ్చి ఆయన చూపు నిలిచిపోయెను.

అచట చదువుట కక్షరము లేదు.