అక్కచెల్లెళ్ల హోటల్‌కి షీల్డు

హోసూరు బైపాస్ పక్కన సూపర్ మార్కెట్టు తెరిచింది 2003లో. లోపల చల్లగా ఉంటుందని, ఎవరినీ అడగకుండా కావలసింది బుట్టలో వేసుకోవచ్చని జనం ఆదివారం సాయంత్రాలు అక్కడికి పోవడం మొదలుపెట్టారు. రాయకోట రోడ్డు నుంచి లోపలికి తిరిగే వీధిలో అంగళ్లవాళ్లు ఈ సంగతి కొన్నాళ్లు పట్టించుకోలేదు. తమ ఇళ్లలోనే ఆ సూపర్ మార్కెట్టు కవర్లు కనిపించాక పట్టించుకున్నారు.

ఆ వీధి వర్తకుల సంఘానికి కృష్ణప్ప అధ్యక్షుడు. స్టీలు పాత్రల అంగడి అతనిది. పెళ్లిళ్లకు కొన్న పాత్రల మీద పేర్లు చెక్కి ఇచ్చేవాడు. వీధిలో ఎవరి ఇంటి పేరేమిటో, ఎవరి కూతురిని ఏ ఊరికి ఇచ్చారో అతనికి తెలుసు. జనాన్ని మళ్లీ వీధివైపు తిప్పడానికి మంచి అంగళ్లకు అవార్డులివ్వాలన్న ఆలోచన అతనిదే.

"మనమే ఎంచుకుంటే కొట్లాట వస్తుంది. జనాన్నే అడగదాం," అన్నాడు సంఘం కూటంలో. "కిరాణాకి ఒకటి, బట్టలకి ఒకటి, రిపేరు అంగళ్లకి ఒకటి, హోటళ్లకి ఒకటి. ఎవరికి నచ్చిన పేరు వాళ్లు రాసేసి పోతారు."

జెరాక్స్ అంగడి నడిపే ప్రతిభ సంఘానికి కార్యదర్శి. ఆమె అంగడి ముందు మూతకు చీలిక పెట్టిన రేకు డబ్బా ఒకటి ఉంచారు. జనం నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ చీటీలు వేశారు. తెలుగులో కొన్ని, తమిళంలో కొన్ని, కన్నడంలో కొన్ని వచ్చాయి. చదువురానివాళ్లు చెబితే ప్రతిభే రాసి వేసింది.

డబ్బా తెరిచిన రోజు మూడు అవార్డులు వెంటనే తేలిపోయాయి. హోటళ్ల దగ్గర ప్రతిభ ఆగిపోయింది. చీటీలన్నీ మళ్లీ ఒకసారి తిరగేసి కృష్ణప్పకు కబురుపెట్టింది.

"అన్నా, హోటల్‌కి ఇంచుమించు అందరూ ఒకే పేరు రాసినారు. అక్కచెల్లెళ్ల హోటల్."

కృష్ణప్ప చీటీలు చేతిలోకి తీసుకుని చూశాడు. మూడు లిపుల్లోనూ అదే పేరు.

"ఆ పేరుతో హోటల్ యాడుందమ్మా ఇప్పుడు?"

"లేదు గదా. అదే అడగతా ఉండాను."

ఒకప్పుడు ఉండేది. ఉద్దనపల్లి నుంచి వచ్చిన రామలక్ష్మమ్మ, గౌరి అనే అక్కచెల్లెళ్లు దాన్ని నడిపేవారు. అక్క భర్త పోయాక ఇద్దరూ కలిసి పెట్టిన హోటల్ అది. దానికి బోర్డు కూడా ఉండేది కాదు. జనమే ఆ పేరు పెట్టారు. పొద్దున అక్క ఇడ్లీలు దించేది, మధ్యాహ్నం చెల్లెలు రాగిముద్ద, పప్పుచారు వడ్డించేది. ఫ్యాక్టరీలకు పోయే కుర్రవాళ్లు, కోర్టు పనిమీద పల్లెలనుంచి వచ్చేవాళ్లు అక్కడే తినేవారు.

ఒకరోజు జనం నిండుగా ఉన్నప్పుడు, కొత్తగా వచ్చిన ఒకాయన సాంబారులో వెంట్రుక చూపించి గట్టిగా అరిచాడు. రామలక్ష్మమ్మ గబగబా వచ్చింది. "ఇది గౌరి పనే సామీ. తలకి గుడ్డ కట్టుకోమని ఎన్నిమార్లు చెప్పినా వినదు," అనేసింది. పొయ్యి దగ్గరున్న గౌరి ఆ మాట విన్నది. తినేవాళ్లందరూ విన్నారు. ఆమె గరిటె కింద పెట్టి, చేతులు కడుక్కుని బయటికి నడిచింది. మర్నాడు రాలేదు. కొంతకాలానికి రోడ్డుకు అవతల, అక్క హోటల్‌కి సరిగ్గా ఎదురుగా, "గౌరి మెస్" అని బోర్డు కట్టింది. ఆ తర్వాత రామలక్ష్మమ్మ కూడా "శ్రీ లక్ష్మి టిఫిన్స్" అని బోర్డు రాయించింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటలు లేవు. ఒకరి తలుపు తెరిచే చప్పుడు ఇంకొకరికి వినబడేంత దగ్గరలో ఉండి కూడా, పండగకో చావుకో ఊరికి పోవలసివస్తే వేరువేరు బస్సుల్లో పోయేవారు.

చీటీలు వేసినవాళ్లలో కొందరిని ప్రతిభ దారిలో ఆపి అడిగింది. ఏ హోటల్ అనుకుని రాశారని. మెకానిక్ శరవణన్‌కి ఆ ప్రశ్నే వింతగా తోచింది.

"పొద్దున ఈడ తింటాను, మధ్యాహ్నం ఆడ తింటాను. మధ్యలో రోడ్డు ఉండాది, అంతే గదా అక్కా?"

మిగతావాళ్లూ ఇంచుమించు అదే చెప్పారు. ఇద్దరూ విడిపోయిన సంగతి అందరికీ తెలుసు. పేరు మార్చాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

సంఘం మళ్లీ కూడింది. రెండో స్థానంలో వచ్చింది మారియప్ప బేకరీ. అవార్డులిచ్చే సభకు షామియానా, మైకు ఇచ్చేదీ మారియప్పే.

"నాకే ఇవ్వమని అడగలేదు కృష్ణప్పన్నా," అన్నాడు మారియప్ప. "కానీ లేని హోటల్‌కి ఎట్లా ఇస్తారు? రేపు పేరు పిలిస్తే ఎవురు లేస్తారు? ఇద్దరూ లేచి కొట్టుకుంటే ఏమి చేస్తారు? ఇద్దరూ లేవకుంటే ఏమి చేస్తారు?"

అందులో తప్పేమీ లేదు. హోటళ్ల అవార్డు ఈసారికి వదిలేద్దామని ఇద్దరు ముగ్గురు అన్నారు. రెండు షీల్డులు చేయిద్దామని ఇంకొకరు అన్నారు. కృష్ణప్ప అందరి మాటా విని, "జనం ఒక పేరు రాసినారు. మనం దాన్ని రెండు చేస్తే మనం మార్చినట్టు. వాళ్లతో మాట్లాడి వస్తాను," అని లేచాడు.

ముందు రామలక్ష్మమ్మ దగ్గరికి పోయాడు. ఆమె మినప్పప్పు కడుగుతూ ఉంది. సంగతి చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు.

"దానికే ఇచ్చేయండప్పా. చిన్నది, సంతోషపడతాది. నాకెందుకు ఈ వయసులో?"

"నీకు, దానికి అని కాదు రామలక్ష్మక్కా. ఇద్దరికీ కలిపి."

"కలిపి అంటే నేనేమి చెప్పేది? ఆయమ్మని అడుగు పో."

చెల్లెల్ని పరాయి మనిషిలా ఆయమ్మ అన్నదని రోడ్డు దాటుతుండగా కృష్ణప్ప గమనించాడు.

గౌరి అతన్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. అంతా విన్నాక, "ఆమె ఏమన్నది?" అని అడిగింది.

"నీకే ఇచ్చేయమన్నది."

గౌరి మజ్జిగ గ్లాసు తీసి పక్కన పెట్టింది. "అంత మంది ముందర నన్ను అన్నది అన్నా. ఇంట్లో పిలిచి చెంపమీద కొట్టినా నేను పోయేదాన్ని కాదు. ఇప్పుడు మళ్లీ అంత మంది ముందర ఆమె పక్కన నిలబడాలంటే నాకు కాదు."

"సభకి వస్తావా అయినా?"

"వీధి సభ గదా. వస్తాను. ఎనక కూర్చుంటాను."

కృష్ణప్ప షీల్డు మీద "అక్కచెల్లెళ్ల హోటల్" అని తానే చెక్కాడు. ఎవరూ రాకపోతే ఏం చేయాలో అతను ఆలోచించలేదు.

ఆదివారం సాయంత్రం వీధి మలుపు దగ్గర షామియానా వేశారు. సభ తెలుగులో మొదలై తమిళంలోకి పోయి, పెద్దవాళ్లకోసం కన్నడంలోకీ వెళ్లింది. కిరాణా అంగడి సుబ్బరాయప్ప షీల్డు తీసుకుని కళ్లు తుడుచుకున్నాడు. టైలరు హేమంత్ చేతులెత్తి ఊపాడు. రిపేరు అంగళ్ల షీల్డు శరవణన్‌ది. అతను గ్రీజు గుడ్డ భుజంమీద అలాగే ఉంచుకుని వచ్చాడు.

కృష్ణప్ప మైకు తీసుకుని, "మంచి హోటల్ అవార్డు, మన అక్కచెల్లెళ్ల హోటల్‌కి," అన్నాడు.

చప్పట్లు గట్టిగా వినబడ్డాయి. తర్వాత ఆగిపోయాయి. ఎవరూ లేవలేదు. జనం ముందు వరుసవైపు ఒకసారి, వెనకవైపు ఒకసారి తలలు తిప్పి చూశారు. మారియప్ప కిందికి చూస్తూ కూర్చున్నాడు. కృష్ణప్ప ఇంకోసారి పిలిచాడు.

ముందు వరుసలో ఉన్న రామలక్ష్మమ్మ లేచింది. అవార్డుకోసం లేచిందో, ఇంటికి పోదామని లేచిందో ఎవరికీ తెలియదు. తర్వాత అడిగినా ఆమె చెప్పలేదు. నాలుగడుగులు స్టేజీ వైపే వేసింది. స్టేజీ అంటే జోడించిన బల్లలు. ఎక్కడానికి మెట్టు పెట్టడం అందరూ మరిచిపోయారు. అంతవరకూ ఎక్కినవాళ్లంతా మగవాళ్లు, పట్టుకుని ఎగిరి ఎక్కేశారు. ఆమె బల్లమీద చెయ్యి ఆనించి ఒక కాలు ఎత్తి చూసి, దించేసింది. ఎవరో కుర్చీ కావాలని అరిచారు.

కుర్చీ వచ్చేలోపే వెనకనుంచి గౌరి వచ్చింది. జనం దారి ఇచ్చారు. అక్క వైపు చూడలేదు. బల్ల పక్కన వంగి, తన తొడమీద చెయ్యి చరిచి, "ఈడ కాలు పెట్టు," అన్నది.

రామలక్ష్మమ్మ చెల్లెలి తొడమీద కాలు ఆనించి, భుజం పట్టుకుని పైకెక్కింది. ఎక్కాక వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. గౌరికి ఆ చెయ్యి అక్కరలేదు. అయినా పట్టుకుని ఎక్కింది.

కృష్ణప్ప షీల్డు ఇద్దరి మధ్యకు చాచాడు. చెరోవైపు పట్టుకున్నారు. రెండు మాటలు చెప్పమని మైకు రామలక్ష్మమ్మ ముందు పెడితే ఆమె తల అడ్డంగా ఊపింది. గౌరి మైకు లాక్కున్నట్టుగా తీసుకుంది.

"ఇడ్లీ మా అక్కది. ముద్ద నాది. రెండూ తినేది మీరు. మీకు దండాలు," అన్నది. జనం నవ్వి చప్పట్లు కొట్టారు.

ఆమె మైకు ఇచ్చేస్తుండగా రామలక్ష్మమ్మ గొణిగింది. మైకు దగ్గరలోనే ఉండటంతో ఆ మాట అందరికీ వినబడింది.

"సాంబారు కూడా దానిదే. నా హోటల్లో ఇప్పుడు పోస్తా ఉండేది సాంబారా? అది చేసినట్టు ఈ ఊర్లో ఎవురూ చేయలేరు."

ఈసారి చప్పట్లు వెంటనే రాలేదు. ఆనాడు హోటల్లో తింటూ ఆ పాత మాట విన్నవాళ్లు చాలామందే అక్కడున్నారు. గౌరి షీల్డు మీది అక్షరాలు చదువుతున్నట్టు తల వంచుకుంది. ఆ తర్వాత ఎవరో మొదలుపెట్టారు, అందరూ కొట్టారు. మారియప్ప కూడా లేచి నిలబడ్డాడు.

హోటళ్లు మళ్లీ ఒకటి కాలేదు. బోర్డులు రెండూ అలాగే ఉన్నాయి. గౌరి మెస్‌లో గోడ ఖాళీ లేదని షీల్డు రామలక్ష్మమ్మ హోటల్లో పెట్టారు. మరుసటి ఏడాది బట్టల షీల్డుకోసం టైలర్లు గొడవపడటంతో అవార్డులు ఆగిపోయాయి. ఆదివారం సాయంత్రాలు జనం బైపాస్ వైపు పోవడమూ మానలేదు. కృష్ణప్ప దానికి పెద్దగా బాధపడినట్టు కనబడలేదు.

సభ అయిన వారానికి, ఒక పొద్దున అతను అంగడి తలుపులు తీస్తున్నాడు. రోడ్డుమీద టమాటా లారీ ఒకటి అడ్డం తిరిగి ఆగిపోయి ఉంది. దాని ఇవతలనుంచి రామలక్ష్మమ్మ గొంతు వినబడింది.

"గౌరీ! కొత్తిమీర ఉందా?"

లారీ ఇంజను చప్పుడులో జవాబు రాలేదు. ఆమె మళ్లీ, ఇంకా గట్టిగా పిలిచింది.

"ఉండాది అక్కా! లారీ పోనీ, తెస్తాను!"