గోడ బ్వేనా విస్తా

కార్తగో ఊరు దాటి దక్షిణానికి పోయే కొండదారిలో బ్వేనా విస్తా అన్న పేరు నాలుగు చోట్లకి ఉంది. ఒకటి పెట్రోలు బంకు, ఒకటి ఉయ్యాల కట్టిన హోటలు, ఒకటి అద్దాల మేడలో భోజనశాల, నాలుగోది ఎర్మెలిందా నడిపే పూటకూటి ఇల్లు. ‘చక్కని దృశ్యం’ అని అర్థమున్న ఆ పేరుకి మొదటి మూడూ అంతో ఇంతో న్యాయం చేశాయి. ఎర్మెలిందా ఇంట్లో కూర్చుంటే మాత్రం కనిపించేది గోడ. లోయ వైపు నుంచి చలిగాలి కొడుతోందని పెళ్లయిన కొత్తలో మొగుడు కట్టాడు. ఆయన పోయి ఆరేళ్లయినా గోడ అంగుళం కదల్లేదు.

నాలుగింటికీ తేడా తెలియడానికి లారీవాళ్లు వీటికి తలా ఒక ముద్దుపేరు తగిలించారు. ఈవిడది ‘గోడ బ్వేనా విస్తా’. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఆవిడకి ఒళ్లు మండేది. వేళాకోళం కాకపోతే ఏమిటది? పైగా టూరిస్టులు వ్యాను దిగి, లోపలికి తొంగిచూసి, మూతి ముడుచుకుని అద్దాల మేడకి పోయేవాళ్లు. ఇలాగే సాగితే డిసెంబరులో తలుపులు మూసేసి సాన్ హొసే పట్నంలో కూతురి పంచన చేరాల్సిందే. కూతురు మంచిదే. కానీ ఇంకొకరి పొయ్యి దగ్గర అడిగి, రోజూ పొద్దున్నే తాగే బెల్లం నీళ్లు కాచుకోవడం ఎర్మెలిందా వల్ల అయ్యే పని కాదు.

అందుకే మంగళవారం మేస్త్రీ ఎలియేసెర్‌ని పిలిపించింది.

“కిటికీ ఎంత పెద్దది కావాలి దోన్యా?” అన్నాడతను. అమ్మగారు అనడానికి అక్కడ అందరూ వాడే మాట అది.

“ఆ అద్దాల మేడవాడు చూసి ఏడ్చేంత.”

ఎలియేసెర్ సుద్దముక్కతో గీత గీసి సుత్తి అందుకున్నాడు. నాలుగు ఇటుకలు ఊడేసరికి చలిగాలితో పాటు లోయంతా లోపలికొచ్చినట్టైంది. పచ్చటి కొండలు, కింద తెల్లగా మేఘం. ఇంత అందం పెట్టుకుని ఇన్నేళ్లు గోడ చూశానా అని ఎర్మెలిందా తనను తానే తిట్టుకుంది.

పదిన్నరకి అనాసపళ్ల లారీ ఆగింది. డ్రైవరు అబెలీనో లోపలికొస్తూనే గుమ్మంలో నిలబడిపోయాడు. వారానికి మూడుసార్లు కూర్చునే బల్ల దగ్గరికి వెళ్లి, కుర్చీ తిప్పి, కన్నానికి వీపు పెట్టి కూర్చున్నాడు. పళ్లెం ముందుకొచ్చినా చెంచా ముట్టలేదు.

“ఏం, చిక్కుళ్లు మాడాయా? నా వంటకి వంక పెడితే ఊరుకోను.”

“వంటకేం దోన్యా, బంగారం. ఆ కన్నం ఎందుకు?”

“లోయ కనబడాలని. లేకపోతే మీరంతా గోడ, గోడ అని ఎగతాళి చేస్తారుగా!”

“ఎగతాళా?” అబెలీనో తెల్లబోయాడు. “తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఆ లోయ అంచునే నడుపుతున్నాను. మా తమ్ముడి బండి ఈ కింది మలుపులోనే పడింది. వాణ్ణి పైకి తేవడానికి రెండు రోజులు పట్టింది. ఈ దారి మొత్తంలో అది కనబడకుండా రెండు ముద్దలు తినే చోటు మీదొక్కటే. ‘ఆకలి ఆపుకో, గోడ దగ్గర తిందాం’ అంటాం మావాళ్లతో.”

“మరి మిగతా మూడు బ్వేనా విస్తాల దగ్గరా ఆగరా?”

“డీజిలుకి ఆగుతాం. అసలు మీరు టూరిస్టులు లేచే వేళకి తెరుస్తారు. మాలో సగం మంది మూసిన తలుపు చూసి కాలే కడుపులతో పోతున్నారు.”

ఎర్మెలిందా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తలుపు దగ్గరికొచ్చిన వాళ్లని వదిలేసి, మొహం తిప్పుకుపోయే వాళ్ల కోసం ఎదురుచూసినందుకు సిగ్గేసింది.

“ఎలియేసెర్, ఆ ఇటుకలు మళ్లీ పెట్టెయ్.”

“ఇప్పుడేగా తీయించారు! నాకేం పనిలేదనుకున్నారా?”

“సిమెంటు కలుపు నాయనా, తర్వాత తిట్టుకుందువుగాని.”

ఎలియేసెర్ గొణుక్కుంటూ బయటికి పోయాడు. ఆవిడ పక్కబల్ల మీది గుడ్డ లాగి, రెండు చేతులా చాపి కన్నానికి అడ్డంగా పట్టుకుంది. గాలికి గుడ్డ ఉబ్బి ఆవిడ మొహానికి తగులుతోంది.

“తిను అబెలీనో,” అంది. “రేపట్నుంచి నాలుగున్నరకే తెరుస్తాను.”

అబెలీనో కుర్చీ ఎప్పటిలా గోడవైపుకి తిప్పుకుని చెంచా అందుకున్నాడు.