మిగిలితే తీస్తాలే

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఆ ఫోను కాస్త పక్కన పెట్టు. పొద్దుట్నుంచి దాంతో పిల్లిని ఎన్ని ఫోటోలు తీశావో, దానికే విసుగొచ్చి గోడ దూకింది. మీ చిన్నతాత ఆఖరి కలర్ రీలు సంగతి చెబుతాను, విను.

మా మరిదికి ఫోటో స్టూడియో ఉండేది. వచ్చినవాళ్ళని స్టూలు మీద కూర్చోబెట్టి "గడ్డం పైకి, గడ్డం పైకి" అని అరిచేవాడు గనక ఊరంతా ఆయన్ని 'గడ్డంపైకి' అనే పిలిచేది. ఊళ్ళో ఆయన కెమెరాకి ఎక్కని ముఖం లేదు, పెళ్ళాం ముఖం ఒక్కటి తప్ప. మా తోటికోడలి పనల్లా తెల్లదుప్పటి చాపి పట్టుకుని పక్కన నిలబడటం. వెలుతురు దాని మీద పడి ఎదుటివాళ్ళ ముఖాలు కళకళలాడాలి. ఎప్పుడైనా ఫోటో అంచున ఆవిడ వేళ్ళు పడితే ఈయన బ్లేడుతో నున్నగా కోసేసేవాడు.

"నాకూ ఒకటి తియ్యండి" అని అడిగితే, "రీలులో మిగిలితే తీస్తాలే" అనేవాడు.

మిగలడమా! ముప్పై ఆరు ఫోటోల రీలులో ఇంకోటి పిండే మహానుభావుడాయన. రీలు కొసని కెమెరా లోపలి కండెకి నిండుగా తగిలించాలి. అప్పుడే మీట లాగినప్పుడల్లా ఫిల్ము ముందుకు జరుగుతుంది. ఈయన పిసినారితనం చూడు, ఆ కొసని తగిలీ తగలనట్టు దూర్చి మూత వేసేవాడు. అలా మిగిల్చిన ఫిల్ము మీద అదనంగా ఓ ఫోటో వస్తుందట. దానికి కళ అని పేరు పెట్టుకున్నాడు.

తర్వాత ఫోన్లొచ్చాయి. అట్టపెట్టెల్లో కుప్పగా వచ్చే కలర్ రీళ్ళు కొట్లో ఒకటీ అరా అయ్యాయి. కొట్టువాడు మొదట "వచ్చే వారం రండి" అన్నాడు. తర్వాత "వస్తే కబురు చేస్తా" అన్నాడు. చివరికి ఈయన వీధి మలుపు తిరగ్గానే ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటించడం మొదలెట్టాడు. ఫ్యాక్టరీల్లోనే తయారీ తగ్గిపోయిందట.

అలా మిగిలిన ఒకే ఒక్క రీలు మా ఫ్రిజ్‌లో చేరింది. కూరగాయల అర ఖాళీ చేయించి, డబ్బాలో పెట్టి, డబ్బాకి తువ్వాలు చుట్టి పడుకోబెట్టాడు. మంచినీళ్ళ సీసా కోసం తలుపు తీసినా హాల్లోంచి "మెల్లిగా వదినా!" అని కేక.

"ఏమయ్యా, పసిబిడ్డ లేస్తుందా?" అన్నాను.

"నీకు నవ్వులాటగానే ఉంటుంది. ఇలాంటిది మళ్ళీ దొరకదు. తగిన ముఖం కనబడితేనే తీస్తాను."

ఆ తగిన ముఖం, మా తోటికోడలు, వంకాయలు ఎక్కడ సర్దాలో తెలీక ఆ ఫ్రిజ్ ముందే నిలబడి ఉంది. ఈయనకి కనబడితేగా!

ఇంతలో పాత కెమెరాలు మెళ్ళో వేసుకుని కుర్రకారు దిగారు. పాపం, ఫోన్లతో విసిగిపోయారట. "రంగంటే ఫిల్ము రంగే మాస్టారూ! మీరు తీస్తుంటే చూస్తే చాలు" అన్నారు. మాస్టారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. రీలు తువ్వాలు విప్పుకుని బయటికొచ్చింది.

మా తోటికోడలు గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఏమండీ, ఇదయిపోతే ఇంక లేదు. నాదొక్కటి తియ్యండి."

"మిగిలితే తీస్తాలే."

"అందరి ముందూ అంటున్నారు. మాట మీద నిలబడండి మరి."

"నిలబడతానే! మిగిలిందంతా నీకే, సరేనా?" అని నవ్వాడు. వెనక కుర్రాళ్ళూ నవ్వారు.

ఇంక చూడు, తగిన ముఖాలు! తుప్పుపట్టిన తాళం కప్పకి ఒకటి. పెచ్చులూడిన గోడకి నాలుగు. కుర్రాళ్ళ వీపులకి కూడా తీశాడు, అదేదో కొత్త పద్ధతట. కెమెరా మీది అంకె చివరికొచ్చింది. మీట మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"చూశారా! ఇంకా వస్తోంది. అదీ చెయ్యంటే!" అన్నాడు. ఇంకోటి తీశాడు. మరోటి తీశాడు. మీట వెన్నలో కత్తిలా తిరుగుతోంది. ఆయన నవ్వు మెల్లిగా ఇంకిపోయింది.

ఇప్పుడు మనం పాత బకెట్లు పెట్టుకుంటున్నామే, ఆ చీకటిగదిలోకి దూరి, కెమెరా మూత తీసి తడిమి చూశాడు. బయటికొచ్చి గోడకి జారగిలబడ్డాడు.

"వదినా, కొస ఊడిపోయింది. రీలు అసలు కదల్లేదు. ఒక్కటీ పడలేదు."

"అయ్యో మాస్టారూ!" అంటూనే కుర్రాళ్ళు జేబుల్లోంచి ఫోన్లు తీసి ఆయన ఏడుపు ముఖాన్ని టకటకా ఫోటోలు తీసుకున్నారు.

మా తోటికోడలు లోపలికెళ్ళి జుట్టు దువ్వుకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఎంత మిగిలిందండీ?"

"మొత్తం."

"మిగిలిందంతా నాకేనన్నారు."

"అదీ... ఆఖరి రీలే అది! వదినా, నువ్వైనా చెప్పు."

"చెబుతాను. ఈసారి కొస నిండుగా తగిలించు" అని దుప్పటి నేను అందుకున్నాను.

మళ్ళీ చీకటిగదిలోకెళ్ళి కొస తగిలించుకొచ్చి, కెమెరా కంటికి పెట్టి, అలవాటుగా "గడ్డం పైకి" అన్నాడు.

"అది ఎప్పుడూ పైకే ఉంది. మీరే చూళ్ళేదు."

ఆయన వరసగా నొక్కుతూ పోయాడు. ఆవిడ నవ్వింది, మూతి తిప్పింది, ఆవులించింది, ఆయన్ని తిడుతూ కూడా తీయించుకుంది. మీట బిగుసుకుపోయాక కూడా ఈయన ఇంకోసారి లాగబోయాడు.

"చాల్లెండి, పిండకండి" అంది.

కలర్ రీలు కడిగి ఫోటోలు వేసేవాళ్ళు కూడా ఎక్కడో పెద్ద ఊళ్ళోనే మిగిలారు. అక్కడికి పంపి రప్పించాం. ఒకదాని అంచున నా వేళ్ళు పడ్డాయి. ఈయన బ్లేడు తెచ్చాడు. ఆవిడ ఆ బ్లేడు లాక్కుని కిటికీలోంచి పారేసింది.

ఆ గోడ నిండా ఉన్నవి అవే తల్లీ. ఒకే ముఖం ఇన్నిసార్లెందుకని ఎవరైనా అడిగితే నువ్వే చెప్పాలి. గడ్డంపైకి గొప్పలన్నీ చెప్పకపోయినా ఫర్వాలేదు. ఆ అంచున కనబడే వేళ్ళు ఎవరివో, అంతకుముందు ఆ దుప్పటి ఎవరు పట్టుకునేవారో, అది మాత్రం మర్చిపోకుండా చెప్పు.