నష్టం జరగకపోయినా

పొద్దున్నే కాఫీకి నీళ్లు పెడదామని వంటింట్లోకి వచ్చింది. లైటర్ నొక్కబోతూ ఆగిపోయింది. గ్యాస్ వాసన. మొన్నటిలాగే, అంతకుముందు ఒకసారిలాగే. పొయ్యి మీద మంట లేదు, మీట మాత్రం సన్నగా తిరిగి ఉంది. దాన్ని కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. రెండో చేతిలో లైటర్ ఇంకా అలాగే ఉంది. వేలు ఇంకాస్త కదిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటూ దాన్ని కిటికీ గట్టు మీద పెట్టేసింది.

మొగుడుగారు గుమ్మంలోకి వచ్చాడు. "ఏం కాలేదు కదా?" అన్నాడు. జవాబు కూడా తనే చెప్పేసుకున్న ప్రశ్న అది.

"రాత్రి పాలు వేడి చేసుకున్నది మీరే కదండీ," అంది ఆమె, వీలైనంత మెత్తగా.

"నేను కట్టేశాను. తుడిచేటప్పుడు నువ్వే తగిలించి ఉంటావు. గోరంతను కొండంత చేయడం నీ ఉద్యోగం. ఆఫీసులో చేసుకో, ఇంటికి మోసుకురాకు." ఆ వెంటనే కాఫీ ఏదన్నాడు. వాసన పోయాక ఆమే పెట్టింది. పెట్టక చస్తుందా.

ఆ వంటిల్లంటే కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమెకు అదోలాంటి బెరుకు. ఇల్లంతా లేత పసుపు రంగు, ఆ ఒక్క గదికీ నీలం. ఎన్నిసార్లు రంగు వేయించినా సరే, వానలు పట్టాయంటే పొయ్యి వెనక గోడలోంచి నల్లటి మచ్చ పైకి తేలుతుంది. ఈ ఏడు అది మరికాస్త పొడవు సాగింది. అటువైపు వీపు పెట్టి నిలబడాలంటే ఎవరో మెడ మీద ఊపిరి వదిలినట్టుంటుంది. ఆయన మొదటి భార్య కాలిపోయింది అక్కడే. "తన అజాగ్రత్తేనమ్మా," అని పెళ్లికి ముందే చెప్పేశారు, ఇంకేం అడగడానికి లేకుండా. ఈమె కూడా కిమ్మనలేదు.

ఆమె పని విమాన భద్రతా కార్యాలయంలో. ప్రమాదాల గురించి తప్పనిసరిగా తెలియజేయాలన్న నిబంధనలను ఇప్పుడు మారుస్తున్నారు. పాత లెక్కన ఎవరికైనా దెబ్బ తగిలితేనో, విమానం పాడైతేనో చెబితే చాలు. కొత్త ముసాయిదా ఆమె రాసిందే. ఏ నష్టం జరగకపోయినా, ప్రమాదం తృటిలో తప్పిపోయినా, చూసినవాళ్లు ఎవరైనా సరే చెప్పి తీరాలి. ఆ ఒక్క వాక్యం మీద విమాన కంపెనీలకు ఒళ్లుమంట.

"ఆ ముక్క తీసేద్దామమ్మా," అన్నాడు పై అధికారి, నలుగురి ముందూ. "ఏమీ కానిదానికి కూడా చెప్పుకుంటూ కూర్చుంటే విమానాలు ఎగిరినట్టే. మీ ఆడవాళ్లకు భయం కాస్త ఎక్కువలే." అందరూ నవ్వారు. ఖర్మ, అలవాటుకొద్దీ ఆమే ముందు నవ్వింది. సాయంత్రానికి తీసేసి పంపుతానంది.

కూలిన విమానాల్లో దొరికిన పైలట్ల మాటల రికార్డింగులు వినడం కూడా ఆమె పనే. ఆ మధ్యాహ్నం ఒకటి మళ్లీ పెట్టుకుంది. "సార్, ఒక్కసారి ఇటు చూస్తారా," అంటున్నాడు చిన్న పైలట్, నొప్పించకుండా. "ఏం కాదులే," అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత ఏమీ లేదు. గొంతు ఎవరిదైతేనేం, ఆ మెత్తదనం తనది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టినా వినిపిస్తూనే ఉంది. అయినా వాక్యం కొట్టేసింది. పంపడానికి మాత్రం చెయ్యి రాలేదు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఆయన ఇంకా రాలేదు. అత్తగారు వంటింట్లో లైటు వేసుకోకుండా కూర్చుని ఆ మచ్చకేసి చూస్తోంది.

"పొద్దున మళ్లీ వాసన వచ్చిందటగా?"

"వచ్చింది అత్తయ్యా. ఏం కాలేదులెండి."

"ఆ పిల్లా ఇలాగే అనేది," అంది అత్తగారు, గోడమీంచి చూపు తిప్పకుండా. "వాసన వస్తోందత్తయ్యా అనేది, ఏం కాలేదులెండి అని మళ్లీ తనే సర్దుకునేది. ఒక్కోసారి నువ్వు అటు తిరిగి నిలబడితే, ఎవరో పోల్చుకోలేను."

"మీట వదిలేసేదెవరు?"

"వాడే. పాలు దించుకుంటాడు, సన్నమంట అలాగే వదిలేసి పోతాడు. కిటికీ సందులోంచి వచ్చే గాలికి అది ఆరిపోతుంది. చిన్నప్పట్నుంచీ అంతే. మా అమ్మతో చెప్తానంది ఆ పిల్ల. ఏమీ కానిదానికి పుట్టింటికి మోస్తావా అని నేనే నోరు మూయించాను. చివరికి తప్పు కూడా దాని మీదే వేశాం. వాళ్లమ్మ ఏటా ఫోన్ చేస్తుంది. నా కూతురు మీ ఇంటికి చెడ్డపేరు తెచ్చింది, క్షమించండి వదినగారూ అంటుంది."

ఆమెకు కోపం వచ్చింది. అత్తగారి మీద, ఆయన మీద, అన్నిటికంటే ఎక్కువగా తన మెత్తటి గొంతు మీద. లాప్‌టాప్ తెరిచి, కొట్టేసిన వాక్యాన్ని అక్షరం మార్చకుండా మళ్లీ పెట్టింది. పంపేసింది.

"ఆవిడ నంబరు చెప్పండి అత్తయ్యా."

"వాడికి తెలిస్తే?"

"తెలియాలి. ముందు ఆవిడకు తెలియాలి."

అత్తగారు ఒక్కో అంకే చెప్పింది, ఎక్కడా తడుముకోకుండా. ఫోన్ చాలాసేపు మోగింది.

"ఎవరమ్మా?" ముసలి గొంతు.

"మీ అమ్మాయి ఉన్న ఇంట్లోంచేనండీ," అంది ఆమె. ఈసారి గొంతు తగ్గించలేదు. "ఆ రోజు తప్పు మీ అమ్మాయిది కాదు."