పుస్తకంలో చీపురుపుల్ల

జీడిపప్పు గోతాం మూతి కుడుతూ కుడుతూనే తిరుపతిరావు పుస్తకంలోని పెద్దాయన్ని మూడోసారి జైలుకు పంపాడు. కాటా దగ్గర కూర్చున్న సింహాద్రి నోరు తెరుచుకుని వింటున్నాడు.

"మరైతే ఇడిసిపెట్టీసినారా బావా?"

"రేపు సెప్తాను. ఇంకా అంతవరకు సదవనేదు."

పలాస జీడి ఫ్యాక్టరీలో గోతాలు కుట్టడమే ఆయన బతుకంతా చేసిన పని. దబ్బనం ఆనిన చోట బొటనవేలు కాయకట్టిపోయింది. చెప్పుకోదగ్గ ముచ్చట ఒక్కటీ లేని మనిషికి టెక్కలిలో పాత పుస్తకాల బండి మీద ఒక నాయకుడి జీవితచరిత్ర దొరికింది. ఇటుకంత లావు. అది దొరికాక ఫ్యాక్టరీలో ఆయన మాటకు విలువొచ్చింది. మధ్యాహ్నం క్యారేజీలు విప్పేసరికి చుట్టూ నలుగురు చేరేవారు. సభలు, నిరాహారదీక్షలు, లాఠీదెబ్బలు అన్నీ వాళ్ళకు కొసరి కొసరి వడ్డించేవాడు. ఇంట్లో పెళ్ళానికి మాత్రం, పాపం, ఒక్క ముక్క మిగిల్చేవాడు కాదు.

సాయంత్రం తన ఊరు సుమ్మాదేవిలో ఆటో దిగేసరికి భార్య నూకరత్నం గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పాదాలు పొంగి, మెట్టెలు వేళ్ళలోకి దిగబడిపోయాయి.

"ఆస్పత్రికెల్దామా మావా? ఓపాలి రగతం సూపించుకుంటే..."

"రగతం సూపిత్తే నేని రోగం అంటగడతారు. ఎండకి పొంగుంటాయిలే. ఆదివారం సూద్దాం."

ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో ఆ రక్తపరీక్షంటేనే జనానికి హడల్. చీటీ మీద రాసిచ్చేదాకా జబ్బు లేనట్టేనని చాలామంది ధైర్యం. తిరుపతిరావుదీ ఆ ధైర్యమే. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి.

ఎండుచేపల పులుసుతో అన్నం తిని, చాప మీద వెల్లకిలా పడుకుని పుస్తకం తీశాడు. పేజీల మధ్య ఉన్న చీపురుపుల్ల లాగి పక్కన పడేశాడు. రోజూ చదువుతూ చదువుతూనే ఆయన నిద్రపోతాడు. తెల్లారేసరికి కళ్ళజోడు మడతపెట్టి ఉంటుంది, ఆపిన చోట చీపురుపుల్ల ఉంటుంది, పుస్తకం ట్రంకుపెట్టె మీదికి చేరుతుంది. అక్షరం ముక్క రాని నూకరత్నం ఒక్కనాడూ ఆ పని మరవలేదు. ఆయన ఒక్కనాడూ దాని ఊసెత్తలేదు.

"ఆ బాబు పెళ్ళాం ఊసొచ్చిందేటి?" పక్క చాప మీంచి అడిగింది. ఆవిడ రోజూ అడిగేది అదొక్కటే.

"రానేదు. తొంగోయే."

"ఓలమ్మ! ఇంత పుత్తకంలోన ఆ తల్లికి సోటే నేదా?" నవ్వి, అటు తిరిగి పడుకుంది.

కాసేపటికి ఆ ఊసు రానే వచ్చింది. ఒక్కటే వాక్యం. నాయకుడు ఎన్నికల ప్రచారంలో ఉండగా భార్య పోయింది, కబురు ఆలస్యంగా అందింది. ఆ తరువాతి వాక్యంలో మళ్ళీ ఎన్నికలే. తిరుపతిరావు వెనక్కెళ్ళి ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదివాడు.

"ఒసే, వచ్చిందే," అన్నాడు.

పలకలేదు. అలిసిపోయింది, లేపడమెందుకు అనుకున్నాడు. పొద్దున్నే చెబుదాం, ఆదివారం దాకా ఆగకుండా ఆస్పత్రికీ తీసుకెళ్దాం అనుకున్నాడు. అనుకుంటూనే నిద్రలోకి జారాడు.

కాకుల అరుపులకి మెలకువ వచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. పుస్తకం రొమ్ము మీద బోర్లా పడి ఉంది.

చాలాసేపు పక్కకి తిరిగి చూడలేకపోయాడు. ఊరందరికీ చెప్పాను, దీనికి చెప్పలేదే అని లోపల ఒకటే ఏడుపు. చివరికి చెయ్యి చాపి ఆవిడ పాదం పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

"నూకాలూ," అన్నాడు. "ఆ యమ్మ ఊసొచ్చిందే. సెప్తాను, ఇను."

రెండు చాపల మధ్య, రాత్రి ఆయన పడేసిన చోటే, చీపురుపుల్ల పడి ఉంది.